బీగం బిగుసుకున్న ఆదివారం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. మనుషుల మీద వచ్చిన కోపం కాసేపటికి చల్లారుతుంది గానీ వస్తువుల మీద వస్తే మాత్రం ఆగదు. మూత రాని సీసా, ఎంత గీసినా అంటుకోని అగ్గిపుల్ల, వీధి చివరిదాకా వినిపించేలా కిర్రుమనే తలుపు, వీటన్నిటితో నేను మాట్లాడతాను, పోట్లాడతాను, పేరుపేరునా తిడతాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. ఆయన పద్ధతి వేరు. ఏదైనా పాడైతే ముందు దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తర్వాత ఫోనులో వీడియో వెతుక్కుంటాడు. ఆ తర్వాత కాఫీ అడుగుతాడు. వస్తువు బాగుపడితే తన గొప్ప, పడకపోతే నేను తిట్టడం వల్ల.

మా వంటింట్లో ఉన్న పెద్ద కరెంటు ఓవెన్ మేము కొన్నది కాదు. మా ఆడబిడ్డ కువైట్‌లో చాలాకాలం నర్సుగా పనిచేసి, తిరిగి వచ్చేటప్పుడు సామానంతా ఓడలో వేయించుకుని తెచ్చుకుంది. బెంగళూరులో ఆమె తీసుకున్న ఫ్లాటు వంటింట్లో ఇది పట్టలేదు. "వదినా, నీకైతే పనికొస్తాది" అని మా కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు పంపించేసింది. రాబర్ట్‌సన్‌పేటలో మాది పాత ఇల్లు, వంటిల్లు విశాలమైనదే. అయినా ఓవెన్ తలుపు పూర్తిగా దించితే ఇవతలి మనిషి ఇవతల, అవతలి మనిషి అవతల ఉండిపోవాల్సిందే. దానితో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషు పేజీలు దారిలో ఎక్కడో ఊడిపోయాయి, అరబ్బీ పేజీలు మాత్రం భద్రంగా ఉన్నాయి. కాబట్టి చాలా సంగతులు నేను కాల్చుకుని, మాడ్చుకుని నేర్చుకున్నవే. ఇప్పుడు మా వీధిలో సగం ఇళ్ళ క్రిస్మస్ కేకులు అందులోనే తయారవుతాయి. ఈస్టరుకు కోళ్ళు కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అబ్బాయి మాలూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మా కోడలిదీ అక్కడే ఉద్యోగం. ఇద్దరికీ పరిచయం రైల్లో అయింది, బంగారుపేట ప్లాట్‌ఫారం మీద ముదిరింది. ఆమెది కురుడుమలె పక్కన ఒక పల్లె. రాగి చేను, మామిడి తోట, పాడి ఆవులు ఉన్న ఇల్లు. వాళ్ళు హిందువులు, మేము చర్చికి పోయేవాళ్ళం. అందుకని పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో అయిపోయింది. ఆమె అమ్మా నాన్నా వచ్చారు. సంతకం పెట్టమన్నచోట పెట్టారు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఆఫీసు బయట అందరం టీ తాగి ఎవరి బస్సు వాళ్ళం ఎక్కాం.

ఆ తర్వాత వాళ్ళు మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. కూర్చున్నారు, కూతుర్ని చూసుకున్నారు, మాతో మర్యాదగా మాట్లాడారు. కానీ మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టలేదు. కాఫీ తెస్తే "ఇప్పుడే తాగినాం" అన్నారు. అన్నం పెడతానంటే "బస్సు తప్పిపోతాది" అన్నారు. వాళ్ళ ఊరికి సాయంత్రం దాకా బస్సులున్నాయని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

మూడోసారి వాళ్ళు వస్తామన్నది ఒక ఆదివారం. మామిడి కోతల రోజులు. కోడలు, ఇంట్లో అందరం పాప అని పిలిచే పిల్ల, ముందురోజే మాలూరు నుంచి వచ్చేసింది. మా అబ్బాయికి ఆదివారం కూడా డ్యూటీ పడింది, సాయంత్రానికి వస్తానన్నాడు. శనివారం పొద్దున వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ పిల్ల తల ఎత్తకుండా ఒక మాట అంది.

"అత్తా, రేపు కూడా మాయమ్మ తినకుండా పోతే ఇంగ వాళ్ళని ఈ ఇంటికి నేను పిలవను. ఆమె నీళ్ళు తాగి కూర్చోనుంటే నాకు ఈడ ముద్ద దిగల్యా."

నవ్వుతూనే అంది. అమ్మ ఒకవైపు, అత్తిల్లు ఒకవైపు పెట్టుకుని ఈ పిల్ల ఇలా ఎన్నాళ్ళు నవ్వుతూ తిరుగుతుంది? నాకు బాధ వేస్తే అది కోపంగానే బయటికి వస్తుంది. "యెందుకు తినరంట? మేమేం విషం పెడతామా?" అని అడిగేశాను.

కోడలు ఇంకో కాయ ఒలిచింది. "గుడ్డు వల్లేమో అత్తా. మాయమ్మకు ఆ వాసనే పడదు. మా తమ్ముడు చిన్నప్పుడు బళ్ళో ఇచ్చిన ఉడికిన గుడ్డును జేబులో వేసుకొని వస్తే చొక్కాను వాకిట్లోనే విప్పించింది."

కాఫీలో గుడ్డు వెయ్యం కదా అని నాకు అప్పుడు తోచనేలేదు. దొరికిన కారణాన్ని గట్టిగా పట్టుకున్నాను. పైగా కోడలు ఇంకో ముక్క చెప్పింది. వాళ్ళమ్మకు కేకంటే మహా ఇష్టమట. బంగారుపేటలో ఒక బేకరీలో గుడ్డు లేని కేకు దొరుకుతుందట, రైలెక్కే పని ఉన్నా లేకపోయినా అటు పోయినప్పుడల్లా ఒక ముక్క కొనుక్కుంటుందట. అంతే, నాకు దారి కనిపించింది. గుడ్డు లేని కేకు చేస్తాను. పెరుగు వేసి, ఏలకులు వేసి, వాళ్ళ తోట మామిడిపండుకు తోడుగా నిలిచే కేకు. అది తినకుండా ఎలా పోతుందో చూస్తాను.

కానీ ఓవెన్ సంగతి? దాని లోపలి గోడల మీద ఎన్ని క్రిస్మస్‌ల గుడ్లు, ఎన్ని ఈస్టర్ల కోళ్ళ నూనె చిమ్మి ఎండిపోయి ఉందో నాకే తెలుసు. సోడా వేసి రుద్దితే పోయే సరుకు కాదు. ఆ ఓవెన్‌కు "క్లీన్" అని ఒక బటన్ ఉంది. మా ఆడబిడ్డ చెప్పింది. దాన్ని నొక్కితే తలుపుకు దానంతటదే బీగం పడుతుంది. అద్దం మీద చిన్న తాళంకప్ప బొమ్మ వెలుగుతుంది. లోపల మామూలు వంటకు ఎన్నడూ పెట్టనంత వేడి పుట్టి, అంటుకున్నదంతా మాడి బూడిదైపోతుంది. చల్లారాక బీగం అదే తెరుచుకుంటుంది, బూడిద తుడుచుకుంటే సరి. నేనెప్పుడూ దాని జోలికి పోలేదు. ఆ రోజు మధ్యాహ్నం పోయాను.

"నీకేమన్నా పిచ్చా? ఉన్నదాన్ని ఎందుకు కెలకడం?" అన్నాడు మా ఆయన.

"శుద్ధి చేస్తా ఉండాను. నువ్వు పక్కకు జరుగు," అన్నాను.

బటన్ నొక్కాను. లోపల ఏదో చిన్న మోటారు గిర్రుమంది, టక్‌మని కొక్కెం పడింది, తాళంకప్ప బొమ్మ ఎర్రగా వెలిగింది. కాసేపటికి ఇల్లంతా కాలుతున్న వాసన. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి "క్రిస్మస్ ఇంకా దూరం ఉండాది గదా?" అంది. కిటికీలన్నీ తెరిచాం. మా ఆయన ఒక బకెట్ నీళ్ళు తెచ్చి పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అంతా బాగానే సాగుతోంది అనుకుంటుండగా కరెంటు పోయింది.

వచ్చింది గానీ వచ్చినప్పుడు తిన్నగా రాలేదు. బల్బులన్నీ ఒక్కసారి భగ్గుమని వెలిగి, నీరసించి, మళ్ళీ మామూలయ్యాయి. ఓవెన్ అద్దం మీద అంకెలన్నీ పోయాయి. తాళంకప్ప బొమ్మ ఒక్కటే ఆరిపోతూ వెలుగుతూ కన్ను కొడుతోంది. వేడి లేదు, ఫ్యాను చప్పుడు లేదు. తలుపు లాగితే కదల్లేదు. "వేడి దిగితే అదే వస్తాది" అన్నాడు మా ఆయన. సరే అని ఆ సాయంత్రం దాన్ని దాని మానాన వదిలేశాం.

ఆదివారం పొద్దున చేత్తో తాకితే ఓవెన్ ఒళ్ళు చల్లగా ఉంది. తలుపు మాత్రం అలాగే ఉంది. తాళంకప్ప అలాగే కన్ను కొడుతోంది. చర్చికి పోకుండా ఓవెన్ ముందు మోకరించిన ఆదివారం నా జీవితంలో అదొక్కటే.

మొదట తెలిసిన మెకానిక్‌కు ఫోను చేశాం. ఫ్రిజ్ అయితే ఇప్పుడే వస్తానన్నాడు, వాషింగ్ మెషిన్ అయినా వస్తానన్నాడు, కువైట్ ఓవెన్ అనగానే సోమవారం చూద్దాం అన్నాడు. తర్వాత మా ఆయన మెయిన్ స్విచ్ ఆపి, కొంచెంసేపు ఆగి, మళ్ళీ వేశాడు. బొమ్మ ఆరిపోయింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. మళ్ళీ వెలిగింది. ఆపే బటన్ వేలు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాం. క్లీన్ బటన్ మళ్ళీ నొక్కితే కీచుమని అరిచి ఊరుకుంది. నేను తలుపుకు తుంటి ఆనించి గట్టిగా తోశాను. ఫలితంగా నా తుంటి నొప్పి పుట్టింది.

మా ఆయన వీడియో వెతికాడు. అందులో ఎవరో హిందీలో ఓపికగా చెబుతున్నాడు. తలుపు పైన లోపల ఒక కొక్కెం ఉంటుందట. దాన్ని చిన్న మోటారు తిప్పుతుందట. మోటారు పూర్తిగా ఒక చుట్టు తిరిగి పక్కనున్న చిన్న స్విచ్‌ను తాకితేనే, తలుపు మూసి ఉందో తెరిచి ఉందో ఓవెన్‌కు తెలుస్తుందట. మధ్యలో కరెంటు పోతే మోటారు సగంలో నిలబడిపోతుంది. ఇక ఓవెన్‌కు ఏమీ తోచదు, అందుకని తెరవదు. పైరేకు విప్పి మోటారును చేత్తో తిప్పితే సరిపోతుందన్నాడు. విప్పుదామని చూస్తే కువైట్ స్క్రూలకు తలల మీద నక్షత్రాలున్నాయి, మన స్క్రూడ్రైవర్ ఒక్కదానికీ పట్టలేదు.

పెరుగు కలిపిన పిండి గిన్నెలో ఎదురుచూస్తోంది. కోడలు స్నానానికి పోయింది. వాళ్ళమ్మా నాన్నా వచ్చేది ఎండెక్కాక వచ్చే బస్సుకు కదా అని మేము ధైర్యంగా ఉన్నాం. మా ఆయన ఒక రంపం బ్లేడు తీసుకుని తలుపు సందులోంచి లోపలికి దూర్చి కొక్కెం మెడ కోసం వెతుకుతున్నాడు. నేను చేతిలో సుత్తి పట్టుకుని నిలబడ్డాను. నాకు ఓపిక అయిపోయింది. గొంతు పెద్దదైంది.

"ఈ బీగానికి యెంత పొగరు! యెప్పట్నుంచో బతిమాలుకుంటా ఉండాను. బతిమాలేకొద్దీ ఇంకా బిగుసుకోవడమే! ఇంగ మర్యాద చాలు. సుత్తితో నెత్తిన రెండు తగిలిస్తేగానీ బుద్ధి రాదు!"

"సుత్తి వద్దే," అన్నాడు మా ఆయన. "నేను మెడ పట్టుకొని మెల్లగా తిప్పతా. నువ్వు ముందర నుంచి తొయ్."

"తిప్పు, తిప్పు. మెడ ఇరిగినా పర్వాలా. పాపోళ్ళ అమ్మ చూసేలోగా పని అయిపోవాల!"

ఆ మాటకు తోడు సుత్తితో తలుపు పక్కన రేకు మీద ఒకటి వేశాను. చప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. తలుపు రాలేదు.

అంతలో కోడలు తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. "మా అమ్మోళ్ళు యాడ?" అంది.

"ఇంకా రాలేదే."

"వాకిట్లో మామిడికాయల బుట్ట ఉండాది. పాల క్యాను ఉండాది. మనుషులు లేరు."

బుట్ట వచ్చి మనుషులు రాకపోవడం ఏమిటని ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కోడలు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆ పిల్ల మొహం నేనెప్పుడూ చూడనట్లుగా ఉంది.

"అత్తా, మా నాయన మీకేం చేసినాడు? సుత్తితో నెత్తిన కొడతామన్నారంట. మెడ ఇరస్తామన్నారంట. అదీ మాయమ్మ చూడకుండా! ఇద్దురూ మందులషాపు దగ్గర నిలబడుకోనుండారు. నేను పిలిస్తే రామంటా ఉండారు."

నాకు తలా తోకా అర్థం కాలేదు. మీ నాన్న పేరు కూడా ఎత్తలేదే అన్నాను. "బీగనికి పొగరన్నారంట గదా!" అంది కోడలు. అప్పుడు మా ఆయన చేతిలోని రంపం బ్లేడు టింగుమని కింద పడింది.

ఈ చిక్కు మా కోలారు వైపు తప్ప ఇంకెక్కడా రాదేమో. తాళాన్ని మేము బీగం అంటాం. వాళ్ళ పల్లెల్లో తెలుగు మాట్లాడినా చుట్టరికాలకు కన్నడం మాటలే వాడతారు. వియ్యంకుణ్ణి బీగడు అంటారు, బీగడికి అనాల్సింది బీగనికి అంటారు, వియ్యపురాలిని బీగిత్తి అంటారు, ఇద్దరినీ కలిపి బీగరు. మా గనుల ఊళ్ళో తమిళం ఎక్కువ, మేము సమ్మంది అంటాం. అందుకే బీగడు అనే మాట ఆ ఉదయం మా మనసులోనే లేదు. కానీ తలుపు అవతల మామిడికాయల బుట్ట దించుతున్న మనిషికి "బీగానికి" అని వినపడిందా, "బీగనికి" అని వినపడిందా? ఎప్పట్నుంచో బతిమాలుతున్నాననీ, బిగుసుకున్నాడనీ, మెడ ఇరిచేస్తాననీ విన్నాక ఆయన ఇంకేమనుకుంటాడు? మా ఇంట్లో తినమని బతిమాలింది నేనే, తిననిది ఆయనే.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. ఆ వెంటనే కోడలి మొహం చూశాను, నవ్వు ఎటుపోయిందో తెలియదు. వాళ్ళు ఈసారి నీళ్ళు కూడా తాగకుండా బస్సెక్కేస్తారు. ఇక రారు. ఈ పిల్ల ఇక పిలవదు. నేను వీధిలోకి పరుగెత్తాను.

మందులషాపు నీడలో వాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలు వేసుకుని ఉన్నాడు. ఆమె చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని ఉంది. నన్ను చూసి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయ్యో, మీరు కాదయ్యా! బీగం! బీగం! వంటింట్లో ఓవెన్ బీగం!" అని అరిచాను. షాపులోని మనిషి మందుల డబ్బాల వెనక నుంచి తల బయటపెట్టాడు.

"ముందర ఆ సుత్తి కింద పెట్టమ్మా," అన్నాడాయన నెమ్మదిగా.

సుత్తి నా చేతిలోనే ఉంది. చూసుకోలేదు. దాన్ని వెనక దాచుకున్నాను, ఆయనకు ఇంకా అనుమానం వచ్చినట్లుంది, షాపు అరుగు మీద పెట్టేశాను. చెప్పాల్సిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. నమ్మారో లేదో తెలియలేదు. కోడలు వచ్చి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది. "వచ్చి చూడు నాయనా, నిజంగానే బీగం బిగుసుకోనుండాది," అంది. వచ్చారు.

వంటింట్లో తాళంకప్ప బొమ్మ ఇంకా కన్ను కొడుతూనే ఉంది. మా ఆయన వాళ్ళకు రంపం బ్లేడు చూపించి, కొక్కెం మెడ ఎక్కడుందో చూపించి, తిప్పబోయింది ఈ మెడనేనని వివరించాడు. వియ్యంకుడు వంగి సందులోంచి లోపలికి చూశాడు. తన మెడ ఒకసారి తడుముకున్నాడు. పెదవి చివర నవ్వు కనిపించింది. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

ఆమె మాత్రం నవ్వలేదు. పిండి గిన్నె చూసింది, పెరుగు ముంత చూసింది, గోడకు పట్టిన పొగ చూసింది.

"దీన్ని నిన్న యెందుకు కాల్చినారు?" అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి నాకు తీరిక లేదు. "మీ కోసమే," అన్నాను. "ఇందులో గుడ్లు పెట్టినాను, కోళ్ళు పెట్టినాను. మీకు పడదని చెప్పింది పాప. అందుకే మా ఇంట్లో తినరని అనుకున్నాం. అంతా కాల్చేసి, గుడ్డు లేని కేకు చేసి పెడదామని."

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు నేల వైపు చూసింది.

"గుడ్డు కోసం కాదమ్మా," అంది ఆమె. "కాఫీలో గుడ్డు ఉంటాదా? రాగి సంగట్లో ఉంటాదా? మీ గిన్నెల మీద నాకేం అనుమానం లేదు."

"మరి?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన ఓవెన్ దగ్గర నుంచి లేచి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్లు నిదానంగా చెప్పాడు.

"మా పక్క పెళ్ళైనాక బీగర ఊట అని భోజనం పెడతారు. పిల్లోడి ఇంటోళ్ళు మమ్మల్ని పిలిచి, చాప వేసి కూర్చోబెట్టి, బీగరూ, రండి, తినండి అని వడ్డిస్తారు. ఆ పొద్దు నుంచే చుట్టాలు. మీరు మమ్మల్ని మర్యాదగానే చూసినారు, కాదనను. కానీ పాపోళ్ళ అమ్మ, పాపోళ్ళ నాయన అనే అంటా వచ్చినారు. చుట్టరికం పేరు పెట్టి యెవురూ పిలవలా. పిలవని ఇంట్లో కూర్చొని యేమని తినేది? ఆకలికి తిన్నట్లు ఉంటాది గదా. అడిగి పెట్టించుకునేది కాదు ఇది."

తువ్వాలు భుజాన వేసుకుని ఆయనే మళ్ళీ అన్నాడు.

"ఇందాక వాకిట్లో బుట్ట దించతా ఉంటే బీగడు అని వినపడినాది. మొదటిసారి. తిట్టేదానికైనా సరే, బీగడనైతే అన్నారు గదా అనుకున్నా. ఆమె పోదాం అనింది గానీ ఆ ఒక్క మాట కోసం నేను బస్టాండుకు పోలా. ఆ మూలన్నే నిలబడుకున్నా."

రిజిస్ట్రారు ఆఫీసు బయట తాగిన టీ గుర్తొచ్చింది. మేము చర్చి పద్ధతీ చేయలేదు, వాళ్ళ పద్ధతీ చేయలేదు, గొడవ లేకుండా అయిపోయిందని సంతోషపడ్డాం అంతే. వాళ్ళు ఇన్నాళ్ళూ ఒక పిలుపు కోసం ఎదురుచూశారని తెలిశాక నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియక ఓవెన్ మీదికే మళ్ళించాను.

"ఈ దరిద్రపుగొట్టు ఓవెన్ సంగతి మొగోళ్ళు చూసుకోండి," అన్నాను. "బీగిత్తమ్మా, రండి. సంగటి గెలకాల. మధ్యాహ్నానికి నేనేం వండలా. పొద్దుట్నుంచీ బీగంతోనే సరిపోయింది."

కొంచెం నోరు తిరగక బీగిత్తి అన్న మాట బిగిత్తిలా వచ్చింది. ఆమె సరిచేయలేదు. చీర కొంగు బొడ్లో దోపుకుని ఎసరు ఎంత పెట్టానో చూసింది, ఇంకొంచెం పొయ్యమంది. రాగిపిండి జల్లెడ పట్టింది. నేను పప్పు ఉడకేశాను, చిక్కుడుగింజలు అందులోనే పడేశాను. సంగటి గెలకడంలో నాకన్నా ఆమెది బలమైన చెయ్యి. గెలుకుతూ గెలుకుతూ, మెడ ఇరిగినా పర్వాలా అని నేను అరిచిన సంగతి గుర్తొచ్చిందేమో, సంగటి కట్టె పట్టుకుని ఆగిపోయి నవ్వడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. నేనూ నవ్వాను. కోడలు గడప దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తోంది, దగ్గరికి వస్తే ఎక్కడ చెదిరిపోతుందోనన్నట్లు.

మా వెనక మగవాళ్ళిద్దరూ ఓవెన్‌తో కుస్తీ పడుతున్నారు. తలుపు సరిగ్గా నొక్కుకోనందువల్లే స్విచ్ పట్టడం లేదని మా ఆయన వాదన. బీగడు భుజం ఆనించి తలుపును లోపలికి అదిమి పట్టాడు. మా ఆయన క్లీన్ బటన్ నొక్కాడు. ఈసారి కీచుమనలేదు. మోటారు గిర్రుమని తిరిగింది. వెంటనే ఆపేశాడు. మోటారు మళ్ళీ తిరిగి చుట్టు పూర్తి చేసుకుంది, తాళంకప్ప ఆరిపోయింది, తలుపు తెరుచుకుంది. ఇద్దరూ ఒకేసారి కేక పెట్టారు. మేము తిరిగి చూడలేదు, సంగటి ముద్దలు చేసే వేళ ఎవరైనా తిరిగి చూస్తారా? మా ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "కువైట్ మోటారు ఇది, అంత సులభం కాదు," అని బీగడికి ఒక్కడికే చెప్పుకున్నాడు. బూడిద తుడిచి, పిండి గిన్నె లోపల పెట్టడం కూడా వాళ్ళే చేశారు.

నేను పడక గదిలోంచి కొత్త చాప తెచ్చి నడవాలో పరిచాను. "బీగరూ, రండి. కాళ్ళు కడుక్కోండి," అన్నాను. ఇంకా కొత్తగానే ఉంది నోటికి. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. ఎదురుగా కోడలినీ, మా ఆయననూ కూర్చోమన్నాను. వేడివేడి సంగటి, పప్పు, మామిడికాయ పచ్చడి. కేకు ఇంకా ఓవెన్‌లోనే ఉంది. వియ్యపురాలు ముద్ద తుంచింది. పప్పులో అద్దింది. కోడలి చెయ్యి తన పళ్ళెంలోనే ఆగిపోయింది, కళ్ళు మాత్రం వాళ్ళమ్మ చేతి మీద ఉన్నాయి. ఆ ముద్ద నోట్లోకి పోయింది. ఇంకోటి పోయింది. అప్పుడుగానీ ఆ పిల్ల తినడం మొదలుపెట్టలేదు. తినడం మొదలుపెట్టాక ఆగలేదు.

వియ్యపురాలి పళ్ళెంలో పప్పు అయిపోయింది. "ఇంగొంచెం పప్పు," అంది. కోడలు గభాలున లేవబోయింది.

"నువ్వు కూచో పాపా," అంది వాళ్ళమ్మ. "నేను అడిగింది మా బీగిత్తిని."

నేను గరిటె నిండా పప్పు తీసుకుని వెళ్ళి వడ్డించాను.